బండ అక్షరాల బోర్డు: స్లాబ్ సెరిఫ్‌ను ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ గీయడం ఎలా

స్లాబ్ సెరిఫ్ అంటే పైనా కిందా చదునైన మందపాటి దిమ్మెలున్న ఇంగ్లిష్ అక్షరం. పుస్తకాల్లో కనిపించే మామూలు అక్షరానికి గీత చివర సన్నటి మొన తేలుతుంది. ఇందులో మొన ఉండదు. దిమ్మె మందం నిలువు గీత మందానికి దగ్గరగా వస్తుంది, చివర నిటారుగా తెగుతుంది. లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ 1810ల్లో ‘యాంటిక్’ పేరుతో ఇలాంటి అక్షరాలు పోతపోశాడు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలను యంత్రం మీద కోయడం మొదలుపెట్టాక పోస్టర్ల మీద వీటి సైజు ఇంకా పెరిగింది. 1845లో క్లారెండన్, 1929లో మెంఫిస్, 1934లో రాక్‌వెల్ వచ్చాయి. ఇవన్నీ ఒకే వంశం. దూరం నుంచి పిలవడమే వీటి పని, పేరాలు చదివించడం కాదు.

హైదరాబాద్‌లో బోర్డు పెట్టాలంటే ఈ అక్షరం ఒంటరిగా ఉండదు. పక్కన తెలుగు ఉంటుంది, చాలాచోట్ల ఉర్దూ కూడా. ఇంగ్లిష్‌ను బండగా పెట్టి తెలుగును దొరికిన ఫాంట్‌లో పడేస్తే తెలుగు చిన్నబోతుంది. తెలుగు అక్షరాల కాళ్ల కింద దిమ్మెలు అతికిస్తే చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉండటమే కాదు, అక్షరమే మారిపోతుంది. ఇక్కడ రెండు లిపులనూ ఒకే బరువులో గీసే పద్ధతి ఉంది. అభ్యాసానికి ‘హైదరాబాద్’ అనే పేరునే తీసుకోండి. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో దీనికి ఏడు బొమ్మలు చాలు: ఎచ్, వై, డి, ఈ, ఆర్, ఏ, బి. నిలువు గీత, ఏటవాలు గీత, గుండ్రం, మూడు అడ్డగీతలు అన్నీ ఇందులోనే తగులుతాయి. తెలుగులో అయితే ఐత్వం, తలకట్టు, దీర్ఘం, పొల్లు నాలుగూ వస్తాయి.

1. ఏ రకం దిమ్మె అన్నది ముందే తేల్చుకోండి

మూడు రకాలున్నాయి. రాక్‌వెల్, మెంఫిస్‌లలో దిమ్మె నిలువు గీతకు నేరుగా, మూల తేలేలా అతుకుతుంది. క్లారెండన్‌లో ఆ మూల చిన్న వంపుతో నిండి ఉంటుంది. మూడోది తలకిందుల వ్యవహారం: దిమ్మెలే గీతల కంటే మందంగా ఉంటాయి, పాత అమెరికన్ పోస్టర్లలో కనిపించేది అదే. మూడోదాన్ని తెలుగు పక్కన వాడకండి. తెలుగులో అడ్డంగా పరుచుకునే భాగాలు ముందే ఎక్కువ, వాటిని ఇంకా లావు చేస్తే పైనా కిందా నల్లటి పట్టీలు తప్ప ఏమీ కనిపించవు.

మిగిలిన రెండింటిలో ఏది అన్నది తయారీని బట్టి ఉంటుంది. ఏసీపీ షీటునో (అల్యూమినియం పొరలున్న బోర్డు రేకు) అక్రిలిక్‌నో సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కోత యంత్రం) మీద కోయిస్తుంటే, కోసే 3 మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలల్ని ఎలాగూ 1.5 మిల్లీమీటర్ల వంపుతోనే వదులుతుంది. పెద్ద అక్షరంలో అది కనిపించదు, 2 అంగుళాల అక్షరంలో మాత్రం మూల మొద్దుబారినట్టు ఉంటుంది. చిన్న సైజులో కోయించే పనికి మీరే 20 యూనిట్ల (ఈ యూనిట్ల లెక్క కింద రెండో అంశంలో ఉంది) వంపు గీసి పెట్టండి, అప్పుడది కావాలని పెట్టినట్టు ఉంటుంది. లేజర్ కోతకూ, ఫ్లెక్స్‌కూ, వినైల్‌కూ నేరు మూల హాయిగా పనిచేస్తుంది.

2. కొలతలు ఖరారు చేయండి

ఫాంట్లు గీసే సాఫ్ట్‌వేర్లలో ఫాంట్‌ల్యాబ్, గ్లిఫ్స్, ఉచితంగా దొరికే ఫాంట్‌ఫోర్జ్ వీటిలో ఏదైనా సరే. ఒక్క బోర్డు కోసమే అయితే ఇంక్‌స్కేప్ చాలు. గడి ఎత్తు 1000 యూనిట్లు అనుకుని మొదలుపెట్టండి.

ఇంగ్లిష్ పెద్దక్షరం ఎత్తు 700, నిలువు గీత 220, దిమ్మె మందం 150, దిమ్మె బయటికి చాచేది 70. ఇది బాగా లావైన కొలత. ఎచ్ ముందు గీయండి, ఎందుకంటే మిగతావన్నీ దాన్ని చూసే కొలుచుకుంటాయి. ఎడమ దిమ్మె 70, గీత 220, మధ్య ఖాళీ 210, గీత 220, కుడి దిమ్మె 70, మొత్తం వెడల్పు 790. లోపలి వైపు దిమ్మెలు 65 చొప్పున చాస్తే వాటి మధ్య 80 యూనిట్ల సందు మిగులుతుంది. ఈ 80ని జాగ్రత్తగా కాపాడుకోండి. అది 50కి పడితే దూరం నుంచి ఎచ్ ఒక నల్లటి గడిగా కనిపిస్తుంది. మధ్య అడ్డగీత 130 మందంలో, సరిగ్గా నడుమ కాకుండా 10 యూనిట్లు పైకి ఉండాలి. నడుమన పెడితే కంటికి జారినట్టు అనిపిస్తుంది.

3. కంటికి కావాల్సిన సవరణలు

బండ అక్షరం గీసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గీతలన్నీ 220 అని పట్టుకుని కూర్చుంటే అక్షరాలు పట్టవు. నలుపు పెంచడం సులువే, తెలుపు మిగల్చడమే కష్టం.

‘ఈ’లో మూడు అడ్డగీతలున్నాయి. పైది 150, కిందిది 155, మధ్యది 120. మొత్తం 425 పోగా మిగిలిన 275లో పై ఖాళీ 130, కింది ఖాళీ 145. కింది ఖాళీ కాస్త పెద్దదైతేనే అక్షరం నిలబడినట్టు ఉంటుంది. బిలోనూ ఇదే లెక్క: 140, 115, 145 మందాలు, 140, 160 ఖాళీలు. పై గుండ్రం కింది గుండ్రం కంటే 20 యూనిట్లు లోపలికి ఉండాలి.

గుండ్రాలు నేరు గీతలకన్నా సన్నగా కనిపిస్తాయి. అందుకే డి వంపు మధ్యలో మందం 232 ఉంచండి. ‘ఏ’ని మాత్రం తగ్గించాలి. రెండు కాళ్లూ శిఖరం దగ్గర కలిసేచోట నలుపు ముద్దకడుతుంది. ఎడమ కాలు 190, కుడి కాలు 225 పెట్టి, రెండూ పైకి వెళ్లేకొద్దీ 15 యూనిట్లు సన్నబడేలా చేయండి. అడ్డగీతను 105 మందంలో కిందికి దింపి 220 నుంచి 325 మధ్య పెట్టండి, లేకపోతే లోపలి త్రికోణం చుక్కలా మిగులుతుంది. వైలో చేతులు కలిసే సందులో 15 నుంచి 20 యూనిట్ల లోతు గాటు పెట్టండి. తెర మీద అది పొరపాటులా కనిపిస్తుంది. అచ్చులో సిరా పరుచుకుని దాన్ని పూడుస్తుంది, మూల పదునుగా ఉన్నట్టు అనిపిస్తుంది.

అక్షరాల మధ్య దూరం చెప్పాలంటే, దిమ్మెకు దిమ్మె మధ్య 40 యూనిట్లు, అంటే ప్రతి అక్షరానికీ రెండు పక్కలా 20. మన పేరులో చిక్కు ఆర్ పక్కన ఏ వచ్చినప్పుడు. కింద రెండు పాదాలూ ఢీకొంటాయి, పైన మాత్రం పెద్ద బోసి. ఆర్ కుడి పాదం దిమ్మెను 70 నుంచి 45కు కత్తిరిస్తే ఏని దగ్గరికి లాగొచ్చు. దిమ్మెలను కలిపేయడం ఇంకో దారి, పాత చెక్క అక్షరాల పోస్టర్లలా ఉంటుంది. కానీ ఒక్కచోట కలిపితే పేరంతా కలపాలి.

4. తెలుగు: దిమ్మె ఎక్కడ పెట్టాలి

తాటాకు మీద గంటంతో రాసినప్పుడు తెలుగు గీత మొదట్నుంచీ చివరిదాకా దాదాపు ఒకే మందంలో నడిచింది. స్లాబ్ స్వభావమూ అదే, సన్నం లావు తేడా తక్కువ. కాబట్టి ఒకే మందం గీత తెలుగుకు పరాయిది కాదు. పరాయిది కాలి కింది దిమ్మె.

ద కింద దిమ్మె పెడితే ఏమవుతుందో కాగితం మీద గీసి చూడండి. ద, ధ మధ్య తేడా అడుగున ఉండే చిన్న నిలువు గీత ఒక్కటే. కింద ఏ ముక్క అతికించినా ‘ద’ను ‘ధ’గా చదివే ప్రమాదం ఉంది. డ, ఢలకూ ప, ఫలకూ ఇదే గతి. పైగా అక్షరం కింద చోటు వత్తుల సొంతం. అక్కడ దిమ్మె పెడితే వత్తులు ఇంకా కిందికి పోవాలి.

దిమ్మెకు తెలుగులో సహజమైన చోటు పైన ఉంది, తలకట్టు. దాన్ని మందంగా, చివర దిమ్మెలా తెగేలా గీస్తే ఇంగ్లిష్ దిమ్మెతో చుట్టరికం కుదురుతుంది. అయితే అక్కడితో ఆగిపోకూడదు. ‘హైదరాబాద్’లో తలకట్టు ఎన్ని అక్షరాలకుందో చూడండి. హైలో దాని స్థానాన్ని ఐత్వం తీసుకుంది, రాలో దీర్ఘం, చివరి ద్‌లో పొల్లు. బకు అసలు తలకట్టే లేదు. మధ్యలో ఉన్న ద ఒక్కదానికే తలకట్టు మిగిలింది. దిమ్మె గుణాన్ని తలకట్టుకు మాత్రమే ఇస్తే పేరంతటిలో అది ఒక్కచోటే కనిపిస్తుంది, మిగతాదంతా ఏదో లావు ఫాంట్‌లా ఉంటుంది. అందుకే ఆ కోతను ఎత్వానికి, దీర్ఘానికి, గుడికి, కొమ్ముకు, పొల్లుకు, తలకట్టు లేని బ, జ, ణ, ల లాంటి అక్షరాల గీత మొదలయ్యే కొసకూ ఇవ్వాలి. కొస ఎక్కడున్నా గీతకు అడ్డంగా, తొంబై డిగ్రీల్లో తెగాలి. గుండ్రటి కొస ఒక్కటి మిగిలినా కన్ను ముందు దాన్నే పడుతుంది.

5. ముందు ర, తర్వాత మిగతావి

మొదట ర గీయండి. మూసుకున్న గుండ్రం, తల మీద తలకట్టు, ఇంతకంటే సులువైన అక్షరం లేదు. గుండ్రం ఎత్తు 560, వెడల్పు 600. పక్కల మందం 185, పైనా కిందా 150. లోపల 230 వెడల్పు, 260 ఎత్తు ఖాళీ మిగులుతుంది. ఇంగ్లిష్‌లో 220 ఉంటే ఇక్కడ 185 ఎందుకంటే, తెలుగు గీత తన మీద తనే మెలికలు తిరుగుతుంది. అదే మందం ఇస్తే హ, బలలోని మెలికలు పూడిపోతాయి. 185తో గీసిన తెలుగు, 220తో గీసిన ఇంగ్లిష్ పక్కపక్కన సమానమైన నలుపుగా కనిపిస్తాయి. నమ్మకపోతే రెండింటినీ అచ్చేసి పది అడుగుల దూరంలో గోడకు అంటించి, కళ్లు సగం మూసి చూడండి.

ర గుండ్రం, అక్షరాలన్నీ నిలబడే అడుగు గీత కంటే 12 నుంచి 15 యూనిట్లు కిందికి దిగాలి. సరిగ్గా గీత మీద ఆపితే ఎచ్ పక్కన గాల్లో తేలినట్టు ఉంటుంది. తలకట్టు మందం 140, దాని కొస 720 దాకా వెళ్లాలి, అంటే ఇంగ్లిష్ తలకంటే 20 ఎక్కువ. ఏటవాలు కొస సమానంగా ఉంటే పొట్టిగా కనిపిస్తుంది కాబట్టి ఆ 20.

తర్వాత ద, ఆ తర్వాత రా, బా, హై, ద్. ఏ అక్షరంలోనైనా అతి సన్నటి తెల్ల సందు 60 యూనిట్లకు తగ్గకూడదు. దీన్ని అసలు కొలతల్లోకి మార్చి చూసుకోండి. ఇంగ్లిష్ పెద్దక్షరం 300 మిల్లీమీటర్లు ఉండే బోర్డు మీద ఆ 60 యూనిట్లు దాదాపు 26 మిల్లీమీటర్లు, ఇబ్బందే లేదు. 4 మిల్లీమీటర్ల అక్షరంతో విజిటింగ్ కార్డు వేస్తే అదే సందు 0.34 మిల్లీమీటర్లు. గరుకు కాగితం మీద సిరా దాన్ని మింగేస్తుంది. కార్డుకు అదే ఆకృతిని ఇంకాస్త సన్నగా, 150 మందంతో మళ్లీ గీయడం తప్ప అడ్డదారి లేదు.

పూర్తి ఫాంట్ చేయదలిస్తే ఘ, ఝ, మ, య దగ్గర ఆగండి. వాటిలో నిలువుగా వచ్చే భాగాలు ఎక్కువ. మందం 165కు తగ్గించి వెడల్పు పెంచండి. వెడల్పు పెంచడానికి జంకి మందం ఒక్కటే తగ్గిస్తే ‘మ’ పక్కవాటికంటే బక్కగా కనిపిస్తుంది. ప, వ మధ్య తేడా తల తెరుచుకుని ఉందా మూసుకుందా అన్నదే కాబట్టి, ప తల దగ్గర సందు 60తో సరిపెట్టకుండా 90 ఉంచండి.

వత్తులకు, ఐత్వం కింది ముక్కకు అడుగు గీత కింద 30 నుంచి 320 వరకూ చోటు. గీత మందం 135, అడ్డంగా 100. వత్తును అసలు అక్షరమంత లావు చేయాలన్న కోరిక పుడుతుంది, లొంగకండి. ‘స్త్రీ’లా రెండు వత్తులొచ్చేచోట రెండోదాన్ని ఇంకా కిందికి కాకుండా పక్కకు జరపండి.

6. ఫాంట్‌గా మార్చేటప్పుడు

గీతలు వంపు తిరిగే అంచుల దగ్గర, అంటే పైన, కింద, ఎడమ, కుడి చివరల్లో బిందువులు పెట్టండి. ఎక్కడపడితే అక్కడ పెడితే వినైల్ కటింగ్ ప్లాటర్ వంపును ముక్కలుముక్కలుగా కోస్తుంది. ఒకదానిమీద ఒకటి పడ్డ ఆకారాలను కలిపేయండి. లేకపోతే కటింగ్‌లో అక్షరం మధ్యలోంచి గీత పోతుంది.

ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్‌లో తెలుగు లిపి ట్యాగు ‘టెల్2’ (tel2) వాడండి. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మారే నియమం ‘బీఎల్‌డబ్ల్యూఎఫ్’ (blwf)లో, గుణింతం వచ్చినప్పుడు తలకట్టు తీసేసే నియమం ‘ఏబీవీఎస్’ (abvs)లో రాయాలి. రెండోది మరిచిపోతే రా మీద తలకట్టూ దీర్ఘమూ కలిసి కూర్చుంటాయి. పరీక్షకు లక్ష్మి, స్త్రీ, శాస్త్రం, జ్యోత్స్న, కృష్ణా, విద్యుత్ టైప్ చేయండి, ఇవి సరిగ్గా వస్తే చాలావరకు గట్టెక్కినట్టే. ఫాంట్ పై హద్దు 850, కింది హద్దు 400 ఇవ్వండి. ఇంగ్లిష్ అలవాటుతో 200 ఇస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు సగానికి తెగి కనిపిస్తాయి.

7. గీసే ఓపిక లేకపోతే

ఉచిత ఫాంట్లలో ఇంగ్లిష్‌కు ఆల్ఫా స్లాబ్ వన్, తెలుగుకు రామభద్ర జతచేయండి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, రెండింటికీ ఒకే మందం ఉంది. రామభద్ర స్లాబ్ కాదు, కానీ బరువు దగ్గరగా వస్తుంది. రెండింటికీ ఒకే పాయింట్ సైజు ఇచ్చి ఊరుకోకండి. ఎచ్, ర పక్కపక్కన పెట్టి, గీతల నలుపు సమానంగా కనిపించేదాకా తెలుగు సైజు మార్చండి. బోల్డ్ బటన్ మాత్రం నొక్కొద్దు. అసలు బోల్డ్ లేని ఫాంట్‌కు సాఫ్ట్‌వేర్ చుట్టూ నలుపు పూస్తుంది, లోపలి సందులన్నీ పోతాయి. ఫ్లెక్సుల మీద తెల్ల అంచు, దాని చుట్టూ ఎర్ర అంచు, దాని వెనక నీడ వేసే అలవాటు కూడా ఇలాంటిదే. లావు అక్షరానికి అవేవీ అక్కర్లేదు.

ఫోటోషాప్‌లో తెలుగు విడిపోయి కనిపిస్తే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్, ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అనూ ఫాంట్లు నడుస్తున్నాయి. వాటిలో చేసిన తెలుగు యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కోరల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కి కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని వట్టి గీతలుగా మార్చాకే ఫైలు పంపండి. మార్చకముందు ఫైలును వేరుగా దాచుకోండి, ఫోన్ నంబర్ మారితే అది కావాలి.

8. బోర్డు మీద

బోర్డుల పనిలో వాడే మోటు లెక్క: పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. 60 అడుగుల అవతల నుంచి హాయిగా చదవాలంటే 6 అంగుళాలు. తెలుగుకు ఈ 6 అంగుళాలు అక్షరం ఒంటికి, అంటే మన 560 యూనిట్ల గుండ్రానికి లెక్కించాలి. తలకట్టు కొస నుంచి వత్తు అడుగుదాకా కొలిస్తే అది 11 అంగుళాలు దాటుతుంది. బోర్డు చేసేవాళ్లు తెలుగుకు ఇంగ్లిష్‌తో సమానంగా పట్టీ కేటాయించి, అందులో వత్తులతో సహా ఇరికిస్తారు. తెలుగు సగానికి సగం చిన్నదైపోయేది అందుకే. పట్టీ ఎత్తు ముందే అడిగి తీసుకోండి.

ఉర్దూ జోలికి దిమ్మెలతో పోవద్దు. ఉర్దూ రాసే నస్తాలీఖ్ ఏటవాలుగా జారుతూ నడిచే రాత, దాన్ని నిటారుగా కోసి లావు చేస్తే చదివేవాళ్లకు కంటగింపు. ఛత్తా బజార్‌లో శుభలేఖల ప్రెస్సుల దగ్గర ఉర్దూ రాయించే వీలుంటుంది. రాయించి తెచ్చుకుని, దానికి సొంత వరుస, పైన కింద కాస్త ఎక్కువ ఖాళీ ఇవ్వండి. బరువు సమానం చేయడానికి అక్షరం సైజు పెంచండి, మందం కాదు.

లోపల ఎల్‌ఈడీ పెట్టే అక్షరాలకు స్లాబ్ చాలా అనుకూలం, గీత వెడల్పు ఉండటం వల్ల మాడ్యూళ్లు వరసగా కూర్చుంటాయి. కాకపోతే రాత్రి వెలుగు అంచులు దాటి పరుచుకుంటుంది. పగలు చక్కగా కనిపించిన 60 యూనిట్ల సందు రాత్రి మాయమవుతుంది. వెలిగే బోర్డుకు సందులు 80 దాకా పెంచి, అక్షరాల మధ్య దూరాన్ని 40 నుంచి 55 చేయండి. గోడ మీద స్టెన్సిల్‌తో వేస్తుంటే ర, డి, బి, ఏ లాంటి మూసుకున్న అక్షరాల లోపలి ముక్క ఊడి వచ్చేస్తుంది. దాన్ని పట్టి ఉంచే వంతెనలు నిలువుగా, అన్ని అక్షరాల్లో ఒకే వెడల్పుతో పెట్టండి.

విడి అక్షరాలు బిగించేటప్పుడు అసలు సైజులో కాగితం నమూనా ఒకటి అచ్చేయించి బోర్డుకు అంటించి, దాని మీదనే రంధ్రాలు వేయించండి. హైలో ఐత్వం కింది ముక్క, వత్తులు విడిగా ఉంటాయి. వాటి వెనక ఏ అక్షరానిదో, పైవైపు ఎటో మార్కర్‌తో రాసి పంపండి. తెలుగు చదవని బిగింపు కుర్రాడికి ఆ ముక్క ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది, తలకిందులుగా బిగించిన సంగతి నిచ్చెన దిగాక తెలుస్తుంది.